గడ్డం తాత రాయని తుమ్ము

రష్యా వెళ్ళొచ్చామని మా అత్తయ్య తెనాలిలో తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెబుతున్నారు. మేం వెళ్ళింది న్యూజెర్సీ పక్కనున్న బ్రూక్లిన్. మా ఆష్‌బర్న్‌లో పొద్దున కారెక్కితే సాయంత్రానికి చేరిపోయే రష్యా అది. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, టోల్ మాత్రం కట్టాలి. దారిపొడుగునా కట్టిన టోల్ చూశాక వీసాయే నయమేమో అనిపించింది.

ఇంతకీ ఎందుకు వెళ్ళామో చెప్పాలి. అత్తయ్య కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన కొన్నాళ్ళకి ఒక రష్యన్ మహానవలని ఇంగ్లీషులోంచి తెలుగు చేయడం మొదలుపెట్టారు. పన్నెండేళ్ళు పట్టింది. ఆ రచయిత పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఆ పేరు ఇలా పలకాలి, అలా కాదు అంటూ సాహిత్యం తెలిసినవాళ్ళు నా మీదికి యుద్ధానికొస్తారు. మా ఇంట్లో ఆయన్ని అందరం గడ్డం తాత అంటాం. ఫోటోలో ఆ గడ్డం చూస్తే మీరూ అదే అంటారు.

విజయవాడలో పుస్తకం ప్రూఫులు కూడా అయిపోయాయి. అత్తయ్య "సరే" అంటే అచ్చువేయడమే. సరిగ్గా అప్పుడే ఆరు నెలలకని మా ఇంటికొచ్చిన అత్తయ్యకి అనుమానం పట్టుకుంది.

"కళ్ళతో చూడని వస్తువు గురించి అచ్చులో వేస్తే అది అబద్ధం కాదుటే సుధా? ఆయన చూసి రాశాడు. నేను చూడకుండా రాశాను. వాళ్ళు టీకి నీళ్ళు కాచుకునే సమోవార్ ఎంతుంటుందో తెలీదు. వాళ్ళ నల్లరొట్టె పులుపో చేదో తెలీదు. ఒక్కసారి చూసి, తిని, అప్పుడు సరే అంటాను."

ప్రచురణకర్త మోహనరావు గారికి ఓపిక అయిపోయింది. సోమవారం పొద్దున పుస్తకం మిషన్ ఎక్కకపోతే ఆ తర్వాత టెన్త్ గైడ్లు ఎక్కుతాయని, ఇక వచ్చే ఏడాదే అని తేల్చేశారు. అత్తయ్యకి డెబ్భై మూడు. వచ్చే ఏడాది అనే మాట ఆవిడకి అస్సలు గిట్టదు. దాంతో శుక్రవారం పొద్దున్నే ప్రూఫుల కట్ట, ఎర్ర పెన్ను, మా అమ్మాయి మేఘ, నేను, అత్తయ్య బయల్దేరాం. మా ఆయన రాలేదు. ఆఫీసు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకాలి, ఆయన ఆన్-కాల్‌లో ఉన్నారు. ఆయన ఎప్పుడు ఆన్-కాల్‌లో లేరో నాకు గుర్తులేదు.

ఐ-95 మీద పాఠం

హైవే ఎక్కి మేరీలాండ్ దాటేలోపే అత్తయ్య వెనక సీట్లో క్లాసు మొదలుపెట్టారు. విద్యార్థిని మేఘ. పదహారేళ్ళది, ఇక్కడే పుట్టింది. సీటుబెల్టు పెట్టుకుంది కాబట్టి పారిపోలేదు.

"అంతకుముందు కథల్లో మనుషులేరీ? రాకుమారులు, రాక్షసులు, మారువేషాలు. ఒకడికి ఆకలి వేయదు, ఒకడి చెప్పు తెగదు. మన ప్రబంధాలు మాత్రం తక్కువ తిన్నాయా? నాయిక కళ్ళు కలువలు, నడుము ఉందో లేదో తెలీదు. అంత అందగత్తెకి ఒక్కనాడైనా జలుబు చేసిందా?"

"చేయలేదా నానమ్మా?"

"చేయలేదు! ఈ గడ్డం తాత, ఆయన కాలం వాళ్ళు వచ్చాకే నవలల్లో జనానికి జలుబు చేయడం మొదలైంది. పన్నుపోటు వచ్చింది. గుర్రం దాణా ధర తెలిసింది. జమీందారు ప్రేమలేఖ రాస్తూ మధ్యలో వీపు గోక్కుంటాడు. ఉన్నది ఉన్నట్టు. అదీ వాస్తవికత అంటే. ఒక్కటి కలపకూడదు, ఒక్కటి తీయకూడదు."

మేఘ అందుకుంది. "సో నానమ్మా, హీ ఈజ్ లైక్, ఆ డే-ఇన్-మై-లైఫ్ వీడియోస్ చేసేవాళ్ళు ఉంటారు కదా, అలా?"

అవేమిటో నేను చెప్పాల్సివచ్చింది. పొద్దున లేచి పళ్ళు తోముకోవడం, కాఫీ పెట్టుకోవడం, ఆఫీసుకి వెళ్ళడం, అన్నీ వీడియో తీసి జనానికి చూపిస్తారని చెప్పాను. అత్తయ్యకి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ డెలావేర్ వంతెన దాటాక తేల్చారు.

"అదేనే," అన్నారు చివరికి. "కాకపోతే వీళ్ళు తమది తీసుకుంటున్నారు, ఆయన పక్కింటివాళ్ళది తీశాడు. అందుకే అంత బాగుంటుంది."

ఎడిసన్‌లో దోసె

న్యూజెర్సీ మీదుగా వెళుతూ ఎడిసన్‌లో ఆగని తెలుగువాడు ఉంటే వాడి మీద నాకు అనుమానమే. మసాలా దోసె పదమూడు డాలర్లు. నేను వద్దంటే వినకుండా అత్తయ్య దాన్ని రూపాయల్లోకి మార్చి, ఆ దోసెని చిన్నముక్క కూడా వదలకుండా తిన్నారు. పళ్ళెంలో మిగిలిన సాంబారు చుక్కని కూడా వేలితో రాసుకుని తిన్నారు.

హోటలాయనది కరీంనగర్ వైపు. బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఏడికి పోతున్రు మేడం?"

"రష్యా చూడ్డానికి నాయనా."

ఆయన మా కారు వైపు చూశాడు. మళ్ళీ అత్తయ్య వైపు చూశాడు. "కార్లనా?"

నేను విషయం చెప్పాను. ఆయన తల గోక్కుని లోపలికెళ్ళి రెండు డబ్బాలు తెచ్చాడు. "ఆడ కారం దొరుకతదో లేదో. కారప్పొడి పెట్టిన. పెద్దమ్మ సప్పిడిది తినలేదు." పైసలు తీసుకోనన్నాడు. పదమూడు డాలర్ల దోసె మీద నాకున్న కోపం మొత్తం అక్కడితో పోయింది.

రైలు కింద ఊరు

బ్రూక్లిన్‌లో రష్యన్ మాట్లాడేవాళ్ళంతా చేరిన పేట బ్రైటన్ బీచ్. అక్కడ వీధి మీద రైలు నడుస్తుంది. అంటే ఇనుప స్తంభాలెత్తి, వాటి మీద పట్టాలు వేశారు. కింద దుకాణాలు. రైలు వచ్చినప్పుడల్లా ఊరుఊరంతా మాట ఆపేస్తుంది. బేరం చేసేవాళ్ళు నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఆగి, రైలు పోగానే ఆగిన మాట దగ్గర్నుంచి మళ్ళీ అందుకుంటారు. అత్తయ్యకి ఇది తెగ నచ్చింది. మా ఆయనతో మాట్లాడేటప్పుడు ఇలాంటి రైలు ఒకటి ఉంటే నాకూ బాగుండేది.

హోటల్ వద్దని అత్తయ్య ముందే చెప్పారు. హోటల్లో రష్యా ఉండదట. అందుకని ఒకావిడ ఇంట్లో గది తీసుకున్నాం. ఆవిడ పేరు ఫాయినా. డెబ్భై ఏళ్ళుంటాయి, జుట్టుకి ఎర్రరంగు, ఇంట్లో కూడా లిప్‌స్టిక్. తలుపు తీస్తూనే తన ఇంగ్లీషులో హెచ్చరించింది. నేను తెలుగులో పెడుతున్నాను.

"నేను రష్యా కాదు. ఒడెస్సా. ఉక్రెయిన్. మాట్లాడేది రష్యన్. తేడా తెలుసా?"

"తెలుసమ్మా," అన్నారు అత్తయ్య. "మేం తమిళులం కాదు. ఢిల్లీ వెళ్ళినప్పుడల్లా మద్రాసీలనేవాళ్ళు."

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోపే అత్తయ్యే చెప్పేశారు. ఫాయినా పెద్దగా నవ్వి అత్తయ్య చేతిలోని సంచీ లాక్కుంది. ఆ తర్వాత రెండు రోజులు వాళ్ళిద్దరి మధ్య నాకూ మేఘకీ పనిలేకపోయింది.

కారు పెట్టడానికి చోటు కోసం ఆ వీధులన్నీ తిరిగాం. చివరికి అత్తయ్యే కనిపెట్టారు. "అదుగో సుధా, ఎంత ఖాళీయో! పక్కనే నీళ్ళ పంపు కూడా ఉంది." ఆ పంపు మంటలార్పే వాళ్ళది. అందుకే అంత ఖాళీ. పొద్దున అద్దం మీద నారింజరంగు కవరు కనిపించింది. జరిమానా ఎంతో చెప్పను. ఎడిసన్‌లో వారం రోజులు దోసెలు తినొచ్చు.

శనివారం పొద్దున ఫాయినా మమ్మల్ని దుకాణాలకి తీసుకెళ్ళింది. లోపలికి అడుగుపెట్టగానే అత్తయ్య ఆగిపోయారు. గోడపొడుగునా ఊరగాయలు. దోసకాయ, క్యాబేజీ, పచ్చి టమాటా, వెల్లుల్లి సరే. పుచ్చకాయ! కాయకి కాయ ఉప్పునీళ్ళలో ఊరేసి పెట్టారు.

"ఊరగాయ పెట్టే జాతి ఏదైనా మన చుట్టాలేనే," అన్నారు అత్తయ్య. ఒక ముక్క తిని, "కారం వేయడం ఒక్కటే మర్చిపోయారు పాపం," అన్నారు.

నల్లరొట్టెతో పులియబెట్టిన నీళ్ళు ఒకటి ఉంటాయి వాళ్ళకి, ఎండాకాలం తాగుతారు. అత్తయ్య దాన్ని అనువాదంలో, మన పులిసిన గంజినీళ్ళ పేరు పెట్టి, తరవాణి అని రాశారట. నాలుగేళ్ళ కిందట ఆ భాగం ఒక పత్రికలో వస్తే, ఎవరో కుర్ర విమర్శకుడు రష్యాలో తరవాణి ఏమిటని ఎగతాళి చేశాడట. ఫాయినా సీసా మూత తీసి ఇచ్చింది. అత్తయ్య ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, దుకాణం మధ్యలో నిలబడి "తరవాణే!" అని అరిచారు. మాంసం కోసేవాడు కత్తి ఆపి చూశాడు.

ఆ సంతోషం సమోవార్ దగ్గర పోయింది. పాత సామాన్ల కొట్లో అద్దాల వెనక ఉంది. ఇత్తడిది, తళతళలాడుతోంది, నాలుగు వందల డాలర్లు. అత్తయ్య దాని చుట్టూ తిరిగారు.

"ఇంతేనా? ఇంతేనటే సుధా?"

"ఎంతుంటుందనుకున్నారు?"

"మన స్నానాల గదిలో రాగి బాయిలర్ అంత! బొమ్మల్లో చూశాను గానీ ఏ బొమ్మలోనూ పక్కన మనిషి లేడు. అంత బాయిలర్ తీసుకొచ్చి టీ బల్ల మీద ఎందుకు పెట్టుకుంటారా అని పన్నెండేళ్ళు ఆలోచించాను. పనమ్మాయి మోసుకొచ్చిందని ఆయన రాశాడు. ఒక్కర్తీ ఎలా మోస్తుంది, నడుం పడిపోదూ అని జాలేసి ఇద్దరు నౌకర్లని పెట్టాను."

అక్కడే కొట్లో కుర్చీ అడిగి కూర్చుని, ప్రూఫులు తీసి, ఇద్దరు నౌకర్లనీ ఎర్ర పెన్నుతో ఉద్యోగంలోంచి తీసేసి పనమ్మాయిని మళ్ళీ పెట్టుకున్నారు. మేఘ ఫోటో తీసింది.

సముద్రం ఒడ్డున పెద్దమనిషి

మధ్యాహ్నం సముద్రానికి వెళ్ళాం. ఒడ్డు వెంబడి చెక్కలు పరిచిన దారి, దాని మీద బెంచీలు, బెంచీల మీద ముసలివాళ్ళు. ఏప్రిల్ ఎండలో కోట్లు వేసుకుని చదరంగం ఆడుతున్నారు. అత్తయ్య చీర కాస్త ఎత్తి పట్టుకుని అట్లాంటిక్‌లో పాదాలు తడుపుకుని, "అబ్బ, మంచుగడ్డే!" అని వెనక్కి గెంతారు. అయినా నాలుగు చుక్కలు తల మీద చల్లుకున్నారు. సముద్రాన్ని ఊరికే వదిలిపెట్టరు కదా మనవాళ్ళు.

ఒక బెంచీ మీద ఒకాయన రష్యన్ పేపరు చదువుతున్నాడు. అత్తయ్య పక్కనే కూర్చుని గడ్డం తాత పేరు చెప్పి, చదివారా అని అడిగారు. ఆయన పేపరు మడిచాడు.

"స్కూల్లో చదివించారు. ఇంకా కోపం తగ్గలేదు."

"ఎందుకండీ?"

"పరీక్షలో అడిగేవాళ్ళు. రచయిత ఈ చెట్టుని ఎందుకు వర్ణించాడు? నాకేం తెలుసు? చెట్టు కనబడింది, వర్ణించాడు. మార్కులు ఇవ్వలేదు."

అత్తయ్య ఆయన్ని కోప్పడతారనుకున్నాను. ఆవిడ చేయి చాపి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "మీకు పది మార్కులు," అన్నారు.

ఆ రాత్రి భోజనంలో ఫాయినా చేప చేసింది. అత్తయ్యకి శనివారం నీచు పనికిరాదు. ఆదివారం అయితే నిక్షేపంగా తింటారు. దీన్ని ఫాయినాకి చెప్పడం నావల్ల కాలేదు.

"అలర్జీయా?"

"కాదు. శనివారం."

"రేపు ఇదే చేప తింటుంది?"

"తింటారు."

"రేపటికి చేప మారుతుందా?"

"వారం మారుతుంది," అన్నారు అత్తయ్య గంభీరంగా. ఫాయినా ఇక వాదించలేదు. పుట్టగొడుగులు వేసి, బక్‌వీట్ అనే గింజలతో అన్నం వండి పెట్టింది. అత్తయ్య దాని మీద కరీంనగర్ కారప్పొడి చల్లుకుని, నెమ్మదిగా నమిలి తీర్పు చెప్పారు. "నేను కొర్రన్నం అని రాశాను. ఇది కొర్రన్నం కాదు. కానీ కొర్రన్నం తినేవాళ్ళు అక్కడ పుట్టుంటే ఇదే తినేవాళ్ళు." అది మాత్రం మార్చలేదు. ఫాయినా కారప్పొడి రుచి చూసి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఆ డబ్బా తనకే ఉంచేసుకుంది.

గుమ్మం దగ్గర

ఆదివారం పొద్దున సామాన్లు గుమ్మంలో పెట్టాం. అత్తయ్య హుషారుగా ఉన్నారు. దారిలోనే మోహనరావు గారికి ఫోన్ చేసి "సరే" చెప్పేస్తానన్నారు. నేను తాళంచెవి తీశాను. ఫాయినా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"కూర్చోండి."

"అయ్యో, టైమైపోతోంది..."

"కూర్చోండి!"

కూర్చున్నాం. నేను చెప్పుల స్టాండు మీద, మేఘ నేల మీద, అత్తయ్య సూట్‌కేసు మీద. ఫాయినా కూడా స్టూలు లాక్కుని కూర్చుంది. ఎవరూ మాట్లాడటం లేదు. మేఘ ఫోన్ తీయబోతే ఫాయినా దాని చేతి మీద ఒక్కటి వేసింది.

అత్తయ్య అటూఇటూ చూసి అడిగారు. "ఎవరు తుమ్మారు?"

కంగారులో తెలుగులో అడిగేశారు కాబట్టి నేను ఇంగ్లీషులో చెప్పాను. ఫాయినా ఆశ్చర్యపోయింది. "తుమ్మా? ఎవరూ తుమ్మలేదు."

"మరెందుకు కూర్చున్నాం?"

"ప్రయాణం కదా. కూర్చోవాలి."

"అదే, ఎందుకు?"

"ఎందుకేమిటి? మా అమ్మ కూర్చునేది. వాళ్ళమ్మ కూర్చునేది. దూరం వెళ్ళేముందు అందరూ కూర్చుంటారు. ఒక్క నిమిషం. తర్వాత వెళతారు. తుమ్మితే ఏముంది, రుమాలు ఇస్తాం."

అత్తయ్య లేచి ఫాయినాని కౌగిలించుకున్నారు గానీ మనసక్కడ లేదు. కారెక్కాక ఆ ప్రూఫుల కట్టని గుండెకి అదుముకుని కూర్చున్నారు.

టర్న్‌పైక్ మీద పంచాయితీ

న్యూజెర్సీలోకి వచ్చి, టర్న్‌పైక్ అనే ఆ టోల్ రోడ్డు ఎక్కాక నోరు విప్పారు.

"కొంప మునిగిందే సుధా."

విషయం ఇదీ. నవల మధ్యలో ఒక ప్రయాణం ఉంది. కుర్రవాడు పట్నం వెళుతున్నాడు. బండి సిద్ధంగా ఉంది. అందరూ గుమ్మం దాకా వచ్చి, ఏ కారణమూ లేకుండా గదిలో కూర్చుంటారు. మళ్ళీ లేచి వెళతారు. గడ్డం తాత ఎందుకో చెప్పలేదు. ఆయన పాఠకులకి చెప్పాల్సిన అవసరం లేదు. అత్తయ్యకి మాత్రం ఒక్కటే కారణం తోచింది. గుమ్మం దాటబోతూ ఆగి కూర్చుంటే దానర్థం ఏమిటి? ఎవరో తుమ్మారు. ఆయన రాయడం మర్చిపోయుంటాడు.

"అందుకని ఆ ఇంట్లో పెద్దావిడ చేత తుమ్మించాను," అన్నారు అత్తయ్య.

మేఘ అప్పటికే ఫోన్‌లో ఇంగ్లీషు పుస్తకం తీసి వెతికింది. "నానమ్మా, ఆ చాప్టర్‌లో స్నీజ్ లేదు. జీరో రిజల్ట్స్."

"తెలుసమ్మా, పుండు మీద ఉప్పు రాయకు."

"తీసేయండి, ఒక్క తుమ్మే కదా," అన్నాను.

"ఒక్క తుమ్మా! గురువుగారి ముందుమాట చదివావా నువ్వు?"

గురువుగారంటే అత్తయ్యకి పాఠం చెప్పిన పెద్ద విమర్శకుడు. ఎనభై ఆరేళ్ళు. తొమ్మిది పేజీల ముందుమాట రాశారు. అందులో నాలుగు పేజీలు ఆ తుమ్ము మీదే. సామాన్య రచయిత అయితే ఆ ఘట్టంలో కన్నీళ్ళు పెట్టించేవాడనీ, తుమ్మించే ధైర్యం ఈ మహానుభావుడికే చెల్లిందనీ, ప్రపంచ సాహిత్యంలో వాస్తవికత ఆ తుమ్ముతోనే వయసుకొచ్చిందనీ రాశారు.

పెట్రోలు కోసం ఆగే సర్వీస్ ఏరియాలో కారాపి మోహనరావు గారికి ఫోన్ చేశాం. స్పీకర్‌లో ఆయన గోల కారంతా వినబడింది. "తుమ్ము తీసేస్తారా? అమ్మా, వెనక అట్ట మీద వేసిందే ఆ తుమ్ము! మీకు దండం పెడతాను, ఉండనివ్వండి. రష్యా నుంచి ఎవడొచ్చి అడుగుతాడు? మీకు సాయంత్రమయ్యేలోగా తేల్చండి, మాకు తెల్లారగానే మిషన్ ఎక్కుతుంది."

తర్వాత గురువుగారు. అత్తయ్య సీట్లో నిటారుగా కూర్చుని, కొంగు సర్దుకుని మరీ ఫోన్ చేశారు.

"గురువుగారూ, ఆ తుమ్ము మూలంలో లేదండీ. నేను పెట్టాను."

"ఏ తుమ్మమ్మా?"

"మీరు నాలుగు పేజీలు రాశారు చూడండి, అదండీ."

ఆయన గొంతు పెంచారు. "లేకపోవడమేమిటమ్మా? డిగ్రీ చదివే రోజుల్లోనే నేనా నవల చదివాను. ఆ తుమ్ము నాకు బాగా గుర్తు. అది చదివే కదా నేను పద్యాలు కట్టిపెట్టి విమర్శలోకి వచ్చింది!"

"అది నేను పెట్టిందండీ గురువుగారూ..."

"నువ్వప్పటికి పలకా బలపం పట్టుకుని ఉంటావమ్మా, నువ్వెలా పెడతావు? ముందుమాటలో ఒక్క కామా కదిపినా నేను ఒప్పుకోను." ఫోన్ పెట్టేశారు.

మేఘా నేనూ పడీపడీ నవ్వాం. ఆపుకోవడం మావల్ల కాలేదు. అత్తయ్య నవ్వలేదని ఆలస్యంగా చూశాను. కిటికీ వైపు తిరిగి ఉన్నారు. నాకు చాలా సిగ్గేసింది. పన్నెండేళ్ళు ఒక మనిషిని నమ్మి ఆయన వెనకాలే నడిచిన ఆవిడకి, ఆయన్ని తనే మోసం చేశానేమోనన్న బాధ. మాకు అది తుమ్ము, అంతే.

"ఉంచేయండి అత్తయ్యా," అన్నాను ఓదార్పుగా. "అందరికీ నచ్చింది కదా."

"బట్ నానమ్మా," అంది మేఘ, "ఒక్కటి కలపకూడదు అని నువ్వే చెప్పావ్ కదా?"

దానికి కళ్ళతోనే చీవాట్లు పెట్టాను. అత్తయ్య డెలావేర్‌లో ఎర్ర పెన్ను మూత తీసి పెట్టారు, మేరీలాండ్‌లో మళ్ళీ తీసి పెట్టారు. బాల్టిమోర్ దగ్గర ఒక అరటిపండు తిన్నారు.

ఆష్‌బర్న్, ఆదివారం సాయంత్రం

ఇంటికొచ్చేసరికి మా ఆయన పప్పు, బంగాళదుంప వేపుడు చేసి, బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. అత్తయ్య చేతులు కడుక్కుని, ప్రూఫులు తీసుకుని ఎదురుగా కూర్చున్నారు.

"ఒరే, ఇది విను. ఉంచాలో తీయాలో చెప్పు. వీళ్ళిద్దరూ చెరో మాటంటున్నారు, నువ్వొక్కడివే బయటివాడివి."

చదివారు. నేను వినడం కూడా అదే మొదటిసారి. ఆ పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. తల వెనక్కి వాలుస్తుంది. కుడిచేయి పైకెత్తి, ఎవరూ కదలకండి అన్నట్టు అరచేయి చూపిస్తుంది. బండివాడితో సహా అందరూ ఎదురుచూస్తారు. రాదు. నిరాశగా చేయి దించి అడుగు వేయబోతుంది. అప్పుడొస్తుంది తుమ్ము, గుర్రాలు బెదిరేంత పెద్దది. ఆవిడ ముక్కు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు చుట్టూ చూసి, "ఎవరది తుమ్మింది?" అని కోప్పడుతుంది.

మా ఆయన లాప్‌టాప్ మూసేశారు.

"అమ్మా, ఇది నాన్న."

"నాన్నేమిట్రా? పెద్దావిడ. శాలువా కప్పుకుని ఉంటుంది."

"నాన్నే అమ్మా. చేయెత్తి అందర్నీ ఆపడం, రాలేదని మొహం వేలాడేయడం, తుమ్మాక ఎవరదీ అని మన మీదే ఎగరడం. మర్చిపోయావా? హైదరాబాద్ బస్సు మనకి రెండుసార్లు పోయింది ఆ తుమ్ముకి."

మావయ్యని నేను చూడలేదు. మా పెళ్ళికి ముందే పోయారు. అత్తయ్య ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, మళ్ళీ మొదట్నుంచి పెదవులు కదుపుతూ చదువుకున్నారు. కళ్ళజోడు తీసేశారు.

"నాకు తెలీదురా," అన్నారు. "నిజంగా నాకు తెలీదు. ఎక్కడ్నుంచి వచ్చిందో అని నేనే అనుకునేదాన్ని. అంత బాగా ఎలా రాశానా అనుకునేదాన్ని."

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన లేచి వాళ్ళమ్మ కుర్చీ పక్కన నిలబడ్డారు. మేఘ వచ్చి నానమ్మ భుజం మీద గడ్డం ఆనించింది. పప్పు చల్లారిపోయింది.

కాసేపటికి అత్తయ్య ముక్కు తుడుచుకుని ఎర్ర పెన్ను మూత తీశారు. మా ఆయన ఆవిడ చేయి పట్టుకున్నారు.

"ఉంచమ్మా. ఎవరికి తెలుస్తుంది? పుస్తకంలో ఉంటారు కదా నాన్న."

"మరి ముందుమాట ఎలా అత్తయ్యా?" అన్నాను. "లేని తుమ్ము గురించి నాలుగు పేజీలుంటాయి."

"ఉండనీ. గురువుగారికి గుర్తుందట కదా, ఆయనకి ఉండనీ. అట్ట మీద ఏదో ఒకటి మోహనరావే వేసుకుంటాడు."

తర్వాత కొడుకు చేతిని మెల్లగా పక్కకి తీశారు.

"ఆ రష్యావాళ్ళ కొంపలో మీ నాన్న ఏం చేస్తార్రా? భాష రాదు, అన్నం దొరకదు. అసలే ఆయనకి చలి పడదు," అని, ఆ పేరా మొత్తం అడ్డంగా కొట్టేశారు.